యోబు 8:7 ఎవరు ఎవరితో అన్న మాట?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దాన కార్డు యోబు 8:7. ‘నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు’ అని ఉంది. సంక్రాంతికి మా తమ్ముడు కిరాణా కొట్టు తెరిచాడు. ఆ వాక్యమే బోర్డు మీద రాయించాం. మొన్న యవనస్తుల కూడికలో ఒక అబ్బాయి లేచి, ‘అది దేవుని మాట కాదక్కా, బిల్దదు మాట. అతని మీద దేవుడే కోప్పడ్డాడు’ అన్నాడు. కూడిక నడిపేది నేనే, కానీ నాకు జవాబు తోచలేదు. బైబిల్లో ఉన్న మాట దేవుని మాట కాకుండా ఎలా పోతుంది? బోర్డు తీసేయాలా? హెబ్రీ, గ్రీకు రాని మాలాంటివాళ్లం ఏ వచనాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఎలా నేర్చుకోవాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పాడు. మిగతా సగం హెబ్రీ రాకపోయినా దొరుకుతుంది. మీ చేతిలో ఉన్న తెలుగు బైబిలే చాలు.

ముందు 8వ అధ్యాయం మొత్తం ఒక్కసారి పైకి చదవండి. 22 వచనాలే. మాట్లాడుతున్నది యోబు స్నేహితుడు, షూహీయుడైన బిల్దదు. వింటున్నది యోబు. అతని ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పెద్దన్న ఇంట్లో భోజనం చేస్తుండగా పెనుగాలికి ఇల్లు కూలి చనిపోయారు (1:18, 19). ఆ తండ్రితో బిల్దదు 4వ వచనంలో ఏమన్నాడో చూడండి. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను దాని ఫలానికి అప్పగించాడు అన్నది ఆ మాట సారం. 5, 6 వచనాల్లో షరతు పెడతాడు: నువ్వు దేవుణ్ణి బతిమాలుకుంటే, నువ్వు పవిత్రుడివై ఉంటే, ఆయన నిన్ను పట్టించుకుంటాడు. 7వ వచనం ఈ షరతు మీద నిలబడిన మాట. కార్డు మీద ఆ వచనం ఒక్కటే ఉంటుంది కాబట్టి వాగ్దానంలా వినిపిస్తుంది. 4వ వచనంతో కలిపి చదివితే, బిడ్డలను పోగొట్టుకున్న మనిషి ముఖం మీదే ‘తప్పు మీదే, సరిచేసుకుంటే బాగుపడతావు’ అన్నట్టు ఉంటుంది. ఓదార్పు ఎక్కడా లేదు.

20వ వచనం దగ్గర ఇంకాస్త ఆగండి. దేవుడు యథార్థవంతుణ్ణి తోసివేయడు అంటాడు బిల్దదు. విడిగా చూస్తే వంక పెట్టలేని మాట. కానీ యోబు యథార్థవంతుడని పుస్తకం మొదటి వచనంలోనే చెప్పేసింది. 1:8లో, 2:3లో దేవుడే ఆ మాట అన్నాడు. ఇది పాఠకులుగా మనకు తెలుసు, బిల్దదుకు తెలియదు. కష్టం వచ్చిందంటే పాపం ఉండి తీరాలన్నది అతని లెక్క. ఆ లెక్క తప్పని చూపించడానికే ఇంత పెద్ద పుస్తకం. చివరికి 42:7లో దేవుడు ఎలీఫజును పిలిచి, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం వచ్చింది, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు బిల్దదు.

బైబిల్లో ఉన్న మాట దేవుని మాట కాకుండా ఎలా పోతుందని మీరు అడిగారు. యోబు గ్రంథం మొత్తం దేవుడు మనకిచ్చిన వాక్యమే. ఆ వాక్యం మనకు నేర్పేది బిల్దదు నోట ఒక మాట పెట్టి, దానికి ముందూ వెనకా జరిగింది చూపించి, చివర తీర్పు చెప్పి నేర్పుతుంది. పద్యనాటకంలో దుర్యోధనుడు పాడిన పద్యం ఎంత బాగున్నా దాన్ని ధర్మరాజు ఉపదేశంగా ఎవరూ తీసుకోరు కదా. 2:4లో సాతాను మాట కూడా బైబిల్లోనే ఉంది. దాన్ని కార్డు మీద ఎవరూ వేయరు.

ఇక ఆ అబ్బాయి చెప్పని సగం. స్నేహితుల మాటలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడానికి లేదు. 5:13లో ఎలీఫజు అన్న మాటను పౌలు 1 కొరింథీయులకు 3:19లో లేఖనంగానే ఎత్తి చూపాడు. అంతెందుకు, 42:12 చదవండి. యెహోవా యోబును మొదట ఆశీర్వదించినదానికంటే తర్వాత ఎక్కువగా ఆశీర్వదించాడు, 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు ఇచ్చాడు అని ఉంది. మొదటి స్థితి, చివరి స్థితి అన్న అదే జత మళ్లీ వచ్చింది. అంటే బిల్దదు నోట వచ్చిన మాట చివరికి జరిగింది, అతను చెప్పిన కారణాన మాత్రం కాదు. యోబు దాచుకున్న పాపమేదో ఒప్పుకుని బాగుపడలేదు. స్నేహితులే ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తెచ్చి దహనబలి అర్పించాల్సి వచ్చింది. యోబు వాళ్ల కోసం ప్రార్థన చేశాడు. కాబట్టి ‘బిల్దదు అన్నాడు గనుక తప్పు’ అనడం కూడా వచనాన్ని విడదీసి చదవడమే అవుతుంది. కూడికలో ఇది ఆ అబ్బాయిని చిన్నబుచ్చకుండా చెప్పండి. అతను 42వ అధ్యాయం దాకా చదివాడు, అది చాలామంది చేయని పని.

బోర్డు సంగతి. అది ఉండటం పాపం కాదు, భయపడి రాత్రికి రాత్రే చెరిపేయనక్కర్లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. మహాభివృద్ధి ఖాయమని నమ్మి తమ్ముడు తీర్చలేని వడ్డీకి అప్పు తెస్తే ఇబ్బంది. వ్యాపారం తగ్గిన నెల ఎవరైనా ‘ఏదో పాపం ఉండి ఉంటుంది’ అంటే, ఇంట్లోవాళ్లు అది నమ్మితే మరీ ఇబ్బంది. అది మళ్లీ బిల్దదు లెక్కే. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు ఇదే లెక్క వేస్తే యేసు ఒప్పుకోలేదు (యోహాను 9:2, 3). సిలోయములో గోపురం పడి చనిపోయిన 18 మంది విషయంలోనూ ఒప్పుకోలేదు (లూకా 13:4, 5).

బోర్డుకు మళ్లీ రంగు వేయించే రోజున మారుద్దామనుకుంటే హెబ్రీయులకు 13:5 చూడండి. ‘నిన్ను ఏమాత్రమును విడువను’ అన్న మాట మొదట యెహోషువతో అన్నది (యెహోషువ 1:5). దాన్ని హెబ్రీయుల పత్రిక విశ్వాసులందరికీ ఇచ్చింది, అదీ డబ్బు గురించి మాట్లాడుతూ. ధనాపేక్ష లేకుండా ఉన్నదానితో తృప్తిపడండి అన్న మాట వెంటే ఈ వాగ్దానం ఉంది. కొట్టు పెట్టినవాడికి ఇంతకంటే అతికే మాట అరుదు. గల్లాపెట్టె దగ్గర గోడ మీద సామెతలు 11:1 కూడా రాయించుకోవచ్చు. దొంగత్రాసు యెహోవాకు హేయము అని మొదలయ్యే ఆ వచనానికి వ్యాపారి దగ్గర సందర్భం వెతకాల్సిన పనే లేదు.

ఈ హెబ్రీయుల ఉదాహరణలోనే మీ మూడో ప్రశ్నకు ఒక తాళంచెవి ఉంది. ఒకరికి ఇచ్చిన వాగ్దానం నాకూ వర్తిస్తుందా అని తేల్చుకోవాలంటే, మిగతా బైబిలు, ముఖ్యంగా కొత్త నిబంధన, ఆ మాటను అందుకుందా అని చూడాలి. అందుకుంటే ఎంత వరకు అందుకుందో, ఎలా మార్చి అందుకుందో చూడాలి. అందుకోకపోతే ఆ మాటలో దేవుని స్వభావం గురించి ఏముందో దాన్ని పట్టుకోండి. ఆ మనిషికిచ్చిన తేదీ, స్థలం, లెక్క మనవి కావు.

యిర్మీయా 29:11 ఇందుకు మంచి పరీక్ష. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న ఆ మాట చాలా కార్డుల మీద ఉంటుంది. ఆ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతోపాటు బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపాడు. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని గుడిలో జనం ముందు ప్రకటించాడు. యిర్మీయా ఉత్తరం దానికి పూర్తిగా వేరు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. 10వ వచనంలో గడువు 70 ఏళ్లు. ఆ వెంటే 11. ఉత్తరం చదివించుకున్న పెద్దల్లో ఎక్కువమంది తిరిగి యెరూషలేము చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా వాళ్లకు అది శుభవార్తే, ఎందుకంటే దేవుడు వాళ్లను వదిలేయలేదు. మనం అందుకోవాల్సింది అదే. ఈ ఏడాది ఉద్యోగం వస్తుందన్న హామీ అందులో వెతికితే, యిర్మీయా ఉత్తరాన్ని హనన్యా ఉత్తరంగా మార్చి చదివినట్టవుతుంది.

ఇలా చదవడం అలవాటు కావాలంటే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఏ వచనం తీసుకున్నా ముందు నాలుగు సంగతులు రాయండి. ఎవరు అంటున్నారు. ఎవరితో. దానికి ముందు ఏం జరిగింది. తర్వాత ఆ మాటకు ఏమైంది. నాలుగోది అందరూ వదిలేస్తారు. బిల్దదు విషయంలో మొత్తం తేలింది ఆ నాలుగో ప్రశ్నతోనే. చిన్న పత్రికలైతే మొత్తం, పెద్ద పుస్తకాలైతే కనీసం ముందొక అధ్యాయం, వెనకొక అధ్యాయం చదవకుండా ఐదో మాట రాయవద్దు. ఐదో మాట ‘నాకేం చెబుతోంది’ అన్నది.

అధ్యాయాల గీతను కూడా పూర్తిగా నమ్మకండి. ఇప్పుడున్న విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనకు మనం వాడే వచన సంఖ్యలు 1551లో ముద్రించిన గ్రీకు ప్రతిలో వచ్చాయి. రాసినవాళ్లు పెట్టినవి కావు. ఫోన్‌లో యాప్ ఒక్కో వచనాన్ని విడి లైనుగా చూపిస్తుంది కాబట్టి ప్రతిదీ సొంతంగా నిలబడే మాటలా కనిపిస్తుంది. అధ్యయనానికి పుస్తకమే మంచిది. పక్కన వాడుక భాషలో వచ్చిన మరో అనువాదం పెట్టుకోండి. రెండూ తేడాగా ఉన్నచోట గుర్తు పెట్టి ఎవరినైనా అడగండి. రిఫరెన్సులున్న బైబిలు దొరికితే సగం పని అదే చేస్తుంది. 1 కొరింథీయులకు 3:19 దగ్గర యోబు 5:13 అని అదే చూపిస్తుంది.

ఏ రకం రచన అన్నది తర్వాత చూడాలి. సామెతలు 26:4 మూర్ఖుడికి జవాబివ్వద్దంటుంది, 26:5 ఇమ్మంటుంది. రెండూ పక్కపక్కనే కావాలనే పెట్టారు. ఏది ఎప్పుడన్నది వివేకంతో తేల్చుకోమన్నట్టు. సామెత సాధారణంగా జరిగేది చెబుతుంది, ప్రతి మనిషికీ పూచీ రాసివ్వదు. కథ జరిగింది చెబుతుంది. గిద్యోను కళ్లంలో గొర్రెబొచ్చు పెట్టాడని (న్యాయాధిపతులు 6:36–40) మనమూ గుర్తులు అడగాలని ఆ కథ ఎక్కడా చెప్పలేదు. ఏం చేయాలో అతనికి అప్పటికే దేవుడు చెప్పి ఉన్నాడు. పత్రికలో వాదన నడుస్తుంది కాబట్టి ‘కాబట్టి’, ‘ఏలయనగా’ అన్న మాటలు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. ఫిలిప్పీయులకు 4:13లో ‘సమస్తమును చేయగలను’ అంటే ఏమిటో పైన 11, 12 చెబుతాయి: కడుపు నిండినా ఆకలిగొన్నా తృప్తిగా ఉండగలను. పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి. పరీక్ష హాలు టికెట్టు మీద ఆ వచనం రాసుకునే పిల్లలకు ఇది ప్రేమగా చెప్పండి. ఫలితం ఎలా వచ్చినా నిలబెట్టే మాట అది, మార్కుల కంటే దూరం వస్తుంది.

సందర్భం పేరుతో జరిగే మోసం కూడా ఒకటుంది. చరిత్ర తెలిస్తే వాక్యం తేటపడుతుంది, నిజమే. కానీ ప్రసంగాల్లో, వాట్సాప్‌లో తిరిగే ‘నేపథ్యాలు’ చాలా వరకు కల్పితాలు. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు అన్న మాటకు, యెరూషలేములో ‘సూదిబెజ్జం’ అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె మోకాళ్ల మీద దూరేదని చెబుతారు. యేసు కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. పైగా మత్తయి 19:26 ఆ కథను నిలవనివ్వదు. మనుష్యులకు ఇది అసాధ్యమే అని యేసే అన్నాడు, మోకాళ్ల మీద దూరేదైతే అసాధ్యం ఎందుకవుతుంది? పక్షిరాజు నలభయ్యో ఏట ముక్కు రాతికి కొట్టుకుని ఊడగొట్టుకుని కొత్త ముక్కు మొలిచేదాకా కొండ మీద కూర్చుంటుందన్న కథా అంతే. ముక్కు లేని గద్ద ఆకలితో చస్తుంది. ‘పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురు’ అన్న యెషయా 40:31కి ఆ కథ అక్కర్లేదు. నాలుగు వచనాలు వెనక్కి వెళ్తే 40:27లో, దేవుడు నన్ను పట్టించుకోవడం లేదని ఇశ్రాయేలు వాపోవడం కనిపిస్తుంది. 31 ఆ గోడుకు జవాబు. ఎవరైనా నేపథ్యం చెబితే ‘ఇది ఎక్కడుంది?’ అని మర్యాదగా అడగడం మీ కూడికలో అలవాటు చేయండి.

వచనాన్ని విడదీసి వాడటం కొత్త పొరపాటేమీ కాదు. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమంటూ సాతాను యేసు ముందు వాడింది 91వ కీర్తననే, మన ఇళ్లలో రాత్రిపూట చదువుకునే కీర్తనే. మత్తయి 4:6ను కీర్తన 91:11, 12 పక్కన పెట్టి చూడండి. ‘నీ మార్గములన్నిటిలో’ అన్న ముక్క సాతాను నోట లేదు. యేసు ఆ కీర్తన తప్పనలేదు. దేవుణ్ణి శోధించకూడదన్న ద్వితీయోపదేశకాండము 6:16 తెచ్చి దాని పక్కన పెట్టాడు. వాక్యాన్ని వాక్యంతో సరిచూడటం ఎలాగో ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేదు.

కూడికలో యోబుతోనే మొదలుపెట్టండి. 42 అధ్యాయాలు, రోజుకు మూడు చొప్పున రెండు వారాలు. తలా నాలుగు రంగు పెన్సిళ్లు తీసుకోండి: యోబుకొకటి, ముగ్గురు స్నేహితులకొకటి (ఎలీఫజు, బిల్దదు, జోఫరు), 32వ అధ్యాయంలో మాట్లాడటం మొదలుపెట్టే ఎలీహుకొకటి, దేవునికొకటి. ప్రతి ప్రసంగం మొదట్లో ఎవరు మాట్లాడుతున్నారో పేరుంటుంది, అక్కడి నుంచి అంచు వెంట గీత గీయండి. 4 నుంచి 27వ అధ్యాయం దాకా స్నేహితుల రంగు, యోబు రంగు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మూడు చోట్ల చిక్కు వస్తుంది. 25వ అధ్యాయంలో బిల్దదు ఆరు వచనాలకే ఆగిపోతాడు, జోఫరు మూడోసారి మాట్లాడనే మాట్లాడడు, 27:13 నుంచి యోబు నోట స్నేహితుల మాటల్లాంటివి వస్తాయి. పండితులు కూడా ఇక్కడ ఒక మాట మీద లేరు, కాబట్టి పిల్లలు తికమకపడితే అది వాళ్ల తప్పు కాదు. రెండోది ఎలీహు. 42:7లో అతని పేరు మెప్పులోనూ లేదు, కోపంలోనూ లేదు. అతని మాటల మీద సిద్ధాంతం కట్టవద్దు. మూడోది యోబే. దేవుడు అతని పక్షాన మాట్లాడాడు గానీ, తెలియని సంగతులు మాట్లాడానని 42:3లో యోబే ఒప్పుకున్నాడు. ‘మంచివాడన్నాడు గనుక ప్రతి మాటా సరైనదే’ అన్న సూత్రం కూడా పనిచేయదు.

యోబు అయ్యాక ఫిలేమోను తీసుకోండి. 25 వచనాలే, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. అయితే ఆ పత్రికలో ఊరి పేరు లేదు. ఫిలేమోను ఏ ఊళ్లో ఉండేవాడో పిల్లలనే వెతకమనండి. ఒనేసిము, అర్ఖిప్పు అన్న రెండు పేర్లు పట్టుకుని కొలొస్సయులకు 4వ అధ్యాయం 9, 17 వచనాల దాకా ఎవరు ముందు వెళ్తారో చూడండి.